పప్పునీళ్ళు, మేక కార్జం, యల్లాప్రగడ సుబ్బారావు

మా అమ్మ పుట్టిల్లు నిర్మల్, మెట్టినిల్లు జగిత్యాల. రెండిళ్ళలోనూ కోడిగుడ్డు గడప దాటి లోపలికొచ్చిన చరిత్ర లేదు. అలాంటి అమ్మకి 2022లో హైదరాబాదులో ఒక పెద్దాసుపత్రిలో బరువు తగ్గే ఆపరేషన్ చేయించాం. షుగరు, మోకాళ్ళ నొప్పులు, బీఎంఐ 41. ఇక వేరే దారి లేదన్నారు. కడుపులో ముప్పాతిక వంతు పైగా కోసి తీసేసి, మిగిలినదాన్ని అరటికాయంత గొట్టంలా కుట్టేస్తారు. దీన్నే స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ అంటారు.

ఆపరేషన్ బాగానే జరిగింది. గొడవంతా డిశ్చార్జి రోజు చేతిలో పెట్టిన కాగితంతో మొదలైంది. మొదటి వారాలు చికెన్ క్లియర్ సూపు, తర్వాత గుడ్డు తెల్లసొన, ఆ తర్వాత మెత్తగా ఉడికించిన చేప... చిట్టచివర ఒకే ఒక్క లైను: శాకాహారులైతే పప్పునీళ్ళు, ప్రోటీన్ పౌడర్.

"ఏందిర ఇది? బరువు దించుకునేతందుకు ఆచారం గూడ దించుకోవాల్నా?" అంది అమ్మ.

వాళ్ళనీ పూర్తిగా తప్పుపట్టలేం. 2014 నాటి కేంద్ర ప్రభుత్వ సర్వే (శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టం వాళ్ళది) ప్రకారం తెలంగాణలో మాంసాహారులు 98 శాతం పైనే, దేశంలోకెల్లా ఎక్కువ. మనం వందలో ఒకరిద్దరం. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ఎడ్జ్ కేస్. ఎడ్జ్ కేసుకి ఎవరు మాత్రం కోడ్ రాస్తారు చెప్పండి? కానీ ఆ ఒక్క లైను వెనక ఎంత చరిత్ర ఉందో నాకు రెండేళ్ళ తర్వాత గానీ తెలియలేదు. తెలిసేసరికి అమ్మ అరికాళ్ళు మొద్దుబారాయి.

ముందుగా లెక్క చూద్దాం. ఇలాంటి ఆపరేషన్ అయినవాళ్ళకి రోజుకి కనీసం 60 గ్రాముల ప్రోటీన్ కావాలంటారు. మన తిళ్ళలో ఏమేముందో చెప్పే పట్టిక ఒకటుంది. 1937లో కూనూరులో మొదలైంది. ఆ సంస్థే 1958 ప్రాంతంలో హైదరాబాదు తార్నాకకి మారి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. డాక్టర్ గోపాలన్ బృందం 1971లో ఆ పట్టికని తిరగరాసింది. దాని ప్రకారం వంద గ్రాముల పెసరపప్పులో 24 గ్రాములు, కందిపప్పులో 22, పల్లీలలో 25. వినడానికి బాగానే ఉంది కదా! కానీ అది పచ్చి పప్పు లెక్క. పప్పు వండితే అందులో ఎక్కువ భాగం నీళ్ళే. ఒక చిన్న గిన్నె పప్పులో ముప్ఫై గ్రాముల పచ్చిపప్పు ఉంటే గొప్ప, అంటే ఏడు గ్రాముల ప్రోటీన్. పెరుగులో వందకి మూడే. అరవై పూర్తి చెయ్యాలంటే పావుకిలో పచ్చిపప్పు వండుకు తినాలి. అమ్మకేమో సగం చాయ్ గ్లాసు తాగితే కడుపు నిండిపోతుంది. ఇక ఉత్త పప్పునీళ్ళ సంగతి మీరే ఊహించుకోండి.

ఈ చిక్కుముడి అమ్మే విప్పుకుంది. సద్దుల బతుకమ్మకి చేసే పెసర సత్తు, పల్లీ సత్తు ఉన్నాయి కదా, వాటిని చక్కెర లేకుండా కొట్టి మజ్జిగలో కలుపుకుని గంటకో రెండు గుక్కలు. గుడ్డలో కట్టి నీళ్ళు తీసేసిన గట్టి పెరుగు. కొన్నాళ్ళు పాలవిరుగుడు పౌడరు. రెండు నెలలు దాటాక పన్నీరు, మెత్తగా ఉడికిన బొబ్బెర గుడాలు. ఏడాదిలో 31 కిలోలు తగ్గింది, షుగరు మందు సగమైంది. గుడ్డు ముట్టలేదు. నేనూ గెలిచామనే అనుకున్నాను.

అక్కడే తప్పు చేశాం. ఆరు నెలలయ్యాక "మంచిగనే ఉన్న గద" అని విటమిన్ మాత్రలు ఆపేసింది. నేను బెంగళూరులో, ఫోన్లో "గోలీలేసుకుంటున్నవా అమ్మా?" అంటే "ఆఁ" అనేది. వేసుకుంటున్నది షుగరు గోలీ, ఇంకా మా వీధి డాక్టరు రక్తం పట్టాలని రాసిన ఐరన్-ఫోలిక్ మాత్ర మాత్రమే. 2024 మొదట్లో కాళ్ళల్లో తిమ్మిర్లు మొదలయ్యాయి. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 12 పైనే. "రక్తం మంచిగున్నది, షుగరుతోని తిమ్మిర్లు" అన్నారు. నాలుగు నెలలు అలాగే గడిచాయి. ఒకరోజు చెప్పు కాలి నుండి జారిపోయినా తెలియకుండా వీధి చివరిదాకా నడిచి వెళ్ళిందట. అప్పుడు కరీంనగర్ తీసుకెళ్ళాం. అక్కడి నరాల డాక్టరు బి12 పరీక్ష రాశారు. కనీసం 200 ఉండాల్సింది 118 వచ్చింది.

రక్తం బాగుండి నరాలు ఎలా పాడయ్యాయి? ఇది నాకు అస్సలు మింగుడు పడలేదు. ప్రొడక్షన్లో బగ్ వస్తే పాత లాగులు తవ్వే అలవాటు కొద్దీ, ఈ లాగులు కూడా తవ్వాను.

ఈ కథ బరువుతో మొదలవదు, కడుపు కోతతో మొదలవుతుంది. 1881లో వియన్నాలో బిల్‌రోత్ అనే సర్జను క్యాన్సర్ సోకిన కడుపు భాగాన్ని కోసి తీసి, మిగిలినదాన్ని పేగుకి కలిపి కుట్టి రోగిని ఆపరేషన్ నుండి బయటపడేశాడు. ఆ తర్వాత దశాబ్దాల పాటు కడుపులో పుండ్లకి కూడా ఈ తరహా ఆపరేషన్లే చేశారు. అలా చేయించుకున్నవాళ్ళు మళ్ళీ ఒళ్ళు చెయ్యడం లేదని అమెరికాలో అయోవా యూనివర్సిటీ సర్జను ఎడ్వర్డ్ మేసన్ గమనించాడు. 1966లో ఇటో అనే సహచరుడితో కలిసి బరువు తగ్గించడానికే గ్యాస్ట్రిక్ బైపాస్ మొదలుపెట్టాడు. అంటే పుండ్ల ఆపరేషన్లో బగ్ ఇక్కడ ఫీచరైంది. కానీ ఆ పాత ఆపరేషన్లో ఇంకో బగ్ కూడా ఉంది. కడుపు తీసేసిన కొన్నేళ్ళకి మనిషికి రక్తహీనత, నరాల జబ్బు రావచ్చు. అది ఫీచర్ కాలేదు, అలాగే వెంట వచ్చింది.

ఎందుకు వస్తుందో 1920లలో బోస్టన్లో తేలింది. పెర్నిషస్ ఎనీమియా అని ఒక రక్తహీనత ఉండేది, వస్తే చావే. 1926లో మైనాట్, మర్ఫీ అనే డాక్టర్లు రోజూ పావుకిలో దాకా కార్జం తినిపిస్తే రోగులు లేచి కూర్చుంటున్నారని చూపించారు. (1934లో విప్పుల్‌తో కలిపి ఈ ఇద్దరికీ నోబెల్ వచ్చింది.) అదే ఊళ్ళో విలియం కాజిల్ అనే కుర్ర డాక్టరుకి ఒక సందేహం వచ్చింది. మామూలు మనిషికి అంత కార్జం అక్కర్లేదు కదా, మరి రోగికి ఎందుకు కావాలి? ఆయన చేసిన ప్రయోగం వింటే కడుపులో తిప్పుతుంది. ముందుగా చెబుతున్నా, భోజనం చేస్తూ చదవకండి. తనే మాంసం తిని, గంటాగి, కక్కి తీసి, దాన్ని ఇంకాస్త అరగనిచ్చి, రోగుల కడుపులోకి పంపించాడు. రోగులు కోలుకున్నారు! ఉత్త మాంసం పెడితే కోలుకోలేదు. అంటే తిండిలో ఒక పదార్థం, ఆరోగ్యంగా ఉన్న కడుపులో ఇంకో పదార్థం, రెండూ కలిస్తేనే పని. ఆ రెండోదాన్ని ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అన్నారు. అది తయారయ్యేది కడుపు గోడలోని కణాల్లో. స్లీవ్ ఆపరేషన్లో కోసి తీసేసే ముక్కలో అవే చాలామటుకు పోతాయి.

ఇక్కడ మన తెలుగాయన వస్తాడు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. సొంత ఇంట్లోనే స్ప్రూ మరణాలు చూసిన మనిషి. స్ప్రూ అంటే తిన్నది పేగులు పీల్చుకోలేక, కడుపునిండా తింటూనే శుష్కించిపోయే జబ్బు. 1920లలో బోస్టన్ చేరాడు. హార్వర్డులో ఉండగా కార్జంలో రక్తహీనతని తగ్గించేది ఏమిటో విడదీయడానికి ఏళ్ళ తరబడి కష్టపడ్డాడు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్ళాడు.

అదే కాలంలో ఇంకో దారి కూడా నడుస్తోంది. బొంబాయిలో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ, రక్తహీనతతో ఉన్న గర్భిణులకి మార్మైట్ అనే ఈస్ట్ సారం పెడితే తగ్గుతోందని 1931లో రాసింది. 1941లో అమెరికాలో నాలుగు టన్నుల పాలకూర నుండి ఒక పదార్థం తీసి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. లాటిన్లో ఫోలియం అంటే ఆకు. 1945లో సుబ్బారావు బృందం దాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగులు కోలుకున్నారు. పెర్నిషస్ ఎనీమియా రోగుల రక్తం కూడా బాగుపడింది. ఇంకేం, కార్జం బాధ తప్పిందనుకున్నారు.

తప్పలేదు. ఒకట్రెండేళ్ళలోనే డాక్టర్లు ఒక ఘోరం గమనించారు. ఫోలిక్ యాసిడ్ ఇచ్చిన పెర్నిషస్ ఎనీమియా రోగుల రక్తం ఎర్రగా నిండుగా ఉంటోంది, కాళ్ళు చేతులు మాత్రం మొద్దుబారుతున్నాయి. ఫోలిక్ యాసిడ్ రక్తాన్ని సరిచేసి, లోపల ఉన్న అసలు లోటుని కప్పేస్తోంది.

ఇది చదివాక నేను కాసేపు ల్యాప్‌టాప్ మూసి కూర్చున్నాను. 1947 నాటికే తెలిసిన సంగతి, 2024లో జగిత్యాలలో మా ఇంట్లో అచ్చం అలాగే జరిగింది. అమ్మకి పప్పు, ఆకుకూరల్లో ఫోలేటు పుష్కలం, దాని పైన రోజూ ఒక ఫోలిక్ మాత్ర. అందుకే రిపోర్టులో రక్తం భేష్. బి12 మాత్రం మూడు వైపుల నుండి దెబ్బతింది. మొక్కల తిండిలో అది ఉండదు, పాలలో ఉన్నా లీటరుకి నాలుగైదు మైక్రోగ్రాములే, అమ్మ తాగగలిగేది గ్లాసుడు కూడా కాదు. దాన్ని పట్టుకునే కడుపు ముక్క కోసేశారు. ఇక షుగరుకి వేసుకునే మెట్‌ఫార్మిన్ ఉన్నది కూడా సరిగ్గా ఒంటబట్టనివ్వదు. ఒంట్లో నిల్వ కొన్నేళ్ళకి సరిపడా ఉంటుంది కాబట్టి ఆపిన వెంటనే ఏమీ తెలియదు. అదే దీనితో ప్రమాదం.

సరే, ఇంజెక్షన్లు రాశారు. ఇక్కడ మా నిర్మల్ మామ ఎంటరయ్యాడు. ఆయన చిన్నప్పుడు మందుల షాపులో పనిచేశాడు. "అక్కా, గా సూది మేక కార్జంతోని చేస్తరు" అన్నాడు. అంతే, అమ్మ చెయ్యి చాపలేదు. "గుడ్డే ముట్టనిదాన్ని, కార్జం ఎక్కించుకుంటనా? నేనొద్దు బిడ్డా."

మామని తిట్టుకున్నాను కానీ ఆయన చెప్పింది గాలికబురు కాదు. లివర్ ఎక్స్‌ట్రాక్ట్ ఇంజెక్షన్లు ఒకప్పుడు మన షాపుల్లో మామూలే. 1948లో (సుబ్బారావు చనిపోయిన సంవత్సరమే) అమెరికాలో మెర్క్, ఇంగ్లండులో గ్లాక్సో కార్జం నుండే ఎర్రటి బి12 స్ఫటికాలు తీశాయి. టన్నుల కొద్దీ కార్జానికి చిటికెడు. కానీ ఆ వెంటనే మెర్క్ వాళ్ళకి స్ట్రెప్టోమైసిన్ మందు తయారుచేసే సూక్ష్మజీవి కూడా దీన్ని తయారు చేస్తోందని తెలిసింది. అప్పటి నుండి దారి మారిపోయింది. ఇప్పుడు బి12ని పెద్ద పెద్ద ట్యాంకుల్లో బ్యాక్టీరియాని పెంచి తీస్తారు. అసలు మేక కూడా బి12 తయారు చేసుకోలేదు. దాని కడుపులోని బ్యాక్టీరియా చేసిపెడితే కార్జంలో దాచుకుంటుంది, అంతే.

అమ్మకి ఇదంతా ఎలా చెప్పాలా అని చూసి చూసి, "అమ్మా, పాలల్ల తోడేస్తవు గద, గట్లనే. మేకతోని పని లేదు. మేకకి ఇచ్చింది గూడ గా తోడే" అన్నాను. కాసేపు ఆలోచించి "తోడైతే సరే" అని చెయ్యి చాపింది. నా పదేళ్ళ చదువులో, ఉద్యోగంలో ఇంత ముఖ్యమైన ప్రెజెంటేషన్ ఇంకోటి ఇవ్వలేదు.

అబద్ధం మాత్రం చెప్పలేదు. మెత్తటి క్యాప్సూళ్ళ తొడుగు సాధారణంగా జంతువుల ఎముకలు, తోళ్ళ నుండి తీసే జెలటిన్. విటమిన్ డి3 ఎక్కువగా గొర్రె ఉన్ని కొవ్వు నుండి వస్తుంది. తిండి ప్యాకెట్ల మీద 2001 నుండి పచ్చ, గోధుమరంగు గుర్తులు వేస్తున్నారు గానీ మందుల డబ్బాలకి ఆ నియమం లేదు. ఈ సంగతులూ చెప్పాను. క్యాప్సూల్ బదులు బిళ్ళ తీసుకుంటానంది. ఉన్ని సంగతికి "గొర్రెను సంపలేదు గద" అని తనే తీర్పు చెప్పుకుంది.

ఇప్పుడు నెలకో ఇంజెక్షన్. తిమ్మిర్లు చాలావరకు తగ్గాయి. రెండు బొటనవేళ్ళకి మాత్రం స్పర్శ పూర్తిగా రాలేదు, వస్తుందన్న హామీ కూడా డాక్టరు ఇవ్వలేదు. ఆ నాలుగు నెలలు తిరిగి రావు.

నేను డాక్టర్ని కాదు, జావా రాసుకు బతికేవాణ్ణి. కాబట్టి మందులు నన్నడగొద్దు. నాకర్థమైంది ఇంతే: కడుపు కోయించుకుని కూడా శాకాహారిగా ఉండొచ్చు, గుడ్డు తినాల్సిన పని లేదు. కానీ కడుపు చేసే పని ఇకమీదట మనం చెయ్యాలి, బతికున్నన్నాళ్ళు. ఇలాంటి ఆపరేషన్ అయినవాళ్ళకి రోజుకి 350 నుండి 1000 మైక్రోగ్రాముల బి12 మాత్ర, లేదా నెలకో 1000 ఇంజెక్షన్ అని అమెరికా సర్జన్ల సంఘం మార్గదర్శకాల్లో ఉంది. మామూలు అవసరం 2.4 మైక్రోగ్రాములే. అయినా అంత ఎందుకంటే, కడుపు సాయం లేకపోతే నూటికి ఒక వంతే లోపలికి పోతుంది.

మీ ఇంట్లో కూడా శాకాహారి అమ్మో నాన్నో, ఈ ఆపరేషన్ అయినవాళ్ళో, ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడుతున్నవాళ్ళో ఉంటే, "రక్తం మంచిగుంది" అన్న మాటతో సరిపెట్టుకోకండి. ఈసారి ఊరెళ్ళినప్పుడు బి12 పరీక్ష కూడా రాయమని డాక్టర్ని అడగండి. ఫోన్లో "ఆఁ" అంటే నమ్మకండి, గోలీల డబ్బా తెరిచి చూడండి.