కరెంటు సాఫ్ట్‌వేర్‌కు అవుట్‌సోర్సింగ్ డేటాబేస్ ఇంజనీర్లు.. గంట రేటు కంటే ముందు చూడాల్సినవి ఇవే!

గుడిసెకు లక్షల్లో కరెంటు బిల్లు.. ఇలాంటి వార్త ఏటా ఎక్కడో ఓ చోట వస్తూనే ఉంటుంది. చూసి నవ్వుకుని వదిలేస్తాం. మీటర్ రీడింగ్ తప్పుగా ఎక్కినా అలాంటి బిల్లు వస్తుంది, వెనకాల సాఫ్ట్‌వేర్ లెక్క తప్పినా వస్తుంది. ఇప్పుడు రీడింగ్ తీసే మనిషి స్థానంలోకి స్మార్ట్ మీటర్ వస్తోంది. అంటే రెండో రకం తప్పుకే ఇక అవకాశం ఎక్కువ. ఆ సాఫ్ట్‌వేర్‌లో డేటాబేస్ పని చూసేది చాలా చోట్ల అవుట్‌సోర్సింగ్ ఇంజనీర్లే. మరి వాళ్లను ఎలా ఎంచుకోవాలి? కాంట్రాక్టులో ఏం రాసుకోవాలి? ఓసారి చూద్దాం.

ఎందుకింత డిమాండ్?

కేంద్రం 2021లో ఆర్‌డీఎస్‌ఎస్ పథకం తెచ్చింది. డిస్కమ్‌ల నష్టాలు తగ్గించడం దీని ఉద్దేశం. దేశవ్యాప్తంగా 25 కోట్ల ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్లు పెట్టాలన్నది లక్ష్యం. ఈ మీటర్లు నెలకోసారి రీడింగ్ ఇచ్చేవి కావు. 15 లేదా 30 నిమిషాలకోసారి వాడకాన్ని నమోదు చేస్తాయి.

15 నిమిషాల లెక్కన ఒక్క మీటర్ నుంచి రోజుకు 96 రికార్డులు. 10 లక్షల మీటర్లుంటే రోజుకు 9 కోట్ల 60 లక్షలు. ఏడాదికి 3,500 కోట్ల పైమాటే. నెలకు ఒక్క రీడింగ్ కోసం కట్టిన పాత బిల్లింగ్ డేటాబేస్ ఈ బరువు మోయలేదు. టేబుళ్లను తేదీల వారీగా ముక్కలు చేయాలి, పాత డేటాను కుదించి పక్కన పెట్టాలి, సర్వర్ ఒకటి పడిపోతే ఇంకోటి అందుకోవాలి. ఈ పని బాగా తెలిసినవాళ్లు డిస్కమ్ రోల్స్‌లో తక్కువ. అందుకే బయటివాళ్ల అవసరం.

బయట అంటే ఒక్క మెట్టు కాదు. డిస్కమ్ టెండర్ పిలుస్తుంది. మీటర్లు పెట్టి, నడిపించే బాధ్యత ఏఎమ్‌ఐఎస్‌పీ అనే సర్వీస్ ప్రొవైడర్ తీసుకుంటుంది. ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్ పనిని ఇంకో కంపెనీకి ఇవ్వొచ్చు. ఆ కంపెనీ మనుషుల కోసం స్టాఫింగ్ ఏజెన్సీకి ఫోన్ చేయొచ్చు. ఇలా నాలుగో మెట్టులో థర్డ్ పార్టీ పేరోల్ మీద ఉన్న కుర్రాడి చేతిలో లక్షల ఇళ్ల రీడింగులు ఉంటాయి. అతను ఎవరో డిస్కమ్ అధికారికి తెలియకపోవచ్చు. అసలు సమస్య ఇక్కడే మొదలవుతుంది.

ఎస్‌క్యూఎల్ వస్తే సరిపోదా?

సరిపోదు. పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్, కాఫ్కా అని రెజ్యూమెలో అందరూ రాస్తారు. షాపింగ్ యాప్‌లో పనిచేసి వచ్చినవాళ్లకు డేటాబేస్ తెలుసు, మీటర్ తెలియదు. తేడా ఎక్కడొస్తుందో మూడు ఉదాహరణలు చూడండి.

మొదటిది మీటర్ మార్పు. ఓ ఇంటి పాత మీటర్‌లో చివరి రీడింగ్ 12,480. మీటర్ మార్చారు, కొత్తది సున్నా దగ్గర మొదలైంది. మీటర్ మారిన సంగతి డేటాబేస్‌లోకి ఎక్కకపోతే సాఫ్ట్‌వేర్‌కు అర్థమయ్యేది ఒక్కటే.. రీడింగ్ తగ్గింది. ఆరంకెల మీటర్ 9,99,999 దాటి మళ్లీ సున్నాకు వచ్చిందని అది అనుకుంటే? ఆ ఇంటి వాడకం 9,87,520 యూనిట్లు అవుతుంది! అదిగో, లక్షల్లో బిల్లు.

రెండోది టైమ్. చాలా డేటాబేస్‌లలో సమయాన్ని యూటీసీలో దాస్తారు. మన టైమ్ దానికంటే ఐదున్నర గంటలు ముందు ఉంటుంది. ఉదయం 10 గంటల వాడకం అక్కడ 4.30గా కనిపిస్తుంది. ఒకప్పుడు దీనివల్ల పెద్ద నష్టం ఉండేది కాదు, ఎందుకంటే చాలామందికి యూనిట్ ఎప్పుడు వాడినా రేటు ఒక్కటే. 2023లో కేంద్రం వినియోగదారుల హక్కుల నిబంధనలను సవరించి టైమ్ ఆఫ్ డే టారిఫ్ తెచ్చాక లెక్క మారింది. ఆ నిబంధనల ప్రకారం సోలార్ అవర్స్‌లో రేటు సాధారణం కంటే కనీసం 20 శాతం తక్కువ ఉండాలి. పీక్ అవర్స్‌లో పరిశ్రమలు, వాణిజ్య కనెక్షన్లకు కనీసం 1.2 రెట్లు, మిగతావాళ్లకు 1.1 రెట్లు. వ్యవసాయానికి ఇది వర్తించదు. ఇప్పుడు టైమ్ మార్చకుండా లెక్క కడితే సాయంత్రం 6 గంటల పీక్ వాడకం మధ్యాహ్నం 12.30 ఖాతాలో పడుతుంది. డిస్కమ్‌కు నష్టం. పొద్దున 10 గంటలకు మోటార్ వేసిన మిల్లు ఓనర్‌కు రావాల్సిన తగ్గింపు రాదు. ఆయనకూ నష్టం. ఎర్రర్ మెసేజ్ ఎక్కడా రాదు, బిల్లు మాత్రం తప్పుగా వస్తుంది. ఇదే పెద్ద తలనొప్పి.

మూడోది ఆలస్యంగా వచ్చే డేటా. సిగ్నల్ లేక మీటర్ రెండు రోజులు మౌనంగా ఉండి, తర్వాత అన్నీ ఒకేసారి పంపుతుంది. కొన్ని రెండుసార్లు పంపుతుంది. ఈలోగా సిస్టమ్ అంచనా రీడింగ్ వేసి ఉంటుంది. అసలు రీడింగ్ వచ్చాక అంచనాను తీసేయాలి, కానీ ఏది తీశారో రికార్డు మిగలాలి. రెండూ కలిపేస్తే ప్రీపెయిడ్ బ్యాలెన్స్ డబుల్ కట్ అవుతుంది. పోస్ట్‌పెయిడ్‌లో అయితే బిల్లు తప్పని ఫిర్యాదు చేసి నెలంతా తిరగొచ్చు, కరెంటు ఉంటుంది. ప్రీపెయిడ్‌లో బ్యాలెన్స్ అయిపోయిందని సిస్టమ్ నమ్మితే సప్లై ఆగే పరిస్థితి. ఇంట్లో ఆక్సిజన్ మెషిన్ మీద పెద్దాయన ఉంటే ఆ తప్పు ఖరీదు వేరు.

అందుకే ఇంటర్వ్యూలో జాయిన్లు, ఇండెక్సులు అడిగి పంపేయడం దండగ. ప్రాక్సీ ఇంటర్వ్యూల కాలంలో ఆ ప్రశ్నలకు సమాధానం చెప్పేవాళ్లు దొరుకుతారు కూడా. పేర్లు తీసేసిన వారం రోజుల మీటర్ డేటా ఇవ్వండి. అందులో కొన్ని గ్యాపులు, కొన్ని డూప్లికేట్లు, ఒక మీటర్ మార్పు ఉండేలా చూడండి. ఎదురుగా కూర్చోబెట్టి బిల్లు యూనిట్లు తేల్చమనండి. మంచి ఇంజనీర్ కోడ్ రాసే ముందు ప్రశ్నలు అడుగుతారు. 10.15 అని ఉంది, ఇది 10 నుంచి 10.15 వరకా, 10.15 నుంచి 10.30 వరకా అని అడిగారంటే ఆ మనిషిని వదులుకోవద్దు.

తాళాలు ఎవరి దగ్గర?

2021 మేలో అమెరికాలో కలోనియల్ పైప్‌లైన్ కంపెనీపై రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. దాదాపు ఆరు రోజులు ఇంధన సరఫరా ఆగింది, తూర్పు తీరంలో పెట్రోల్ బంకుల దగ్గర క్యూలు కట్టారు. కంపెనీ 44 లక్షల డాలర్లు చెల్లించింది. హ్యాకర్లు లోపలికి వచ్చిన దారి చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ఎవరూ వాడని, మూసేయడం మర్చిపోయిన ఓ పాత వీపీఎన్ అకౌంట్. దానికి పాస్‌వర్డ్ ఒక్కటే, ఓటీపీ లాంటి రెండో తాళం లేదు. 2019లో ఏపీ, తెలంగాణ డిస్కమ్‌ల సర్వర్లపైనా రాన్సమ్‌వేర్ దాడి జరిగింది, ఆన్‌లైన్ సేవలకు ఇబ్బంది కలిగింది.

అవుట్‌సోర్సింగ్‌లో మనుషులు మారుతూనే ఉంటారు. మనిషి వెళ్లాడు, లాగిన్ ఉండిపోయింది అన్నది మామూలుగా జరిగే పొరపాటు. కాబట్టి టీమ్ అందరికీ ఒకే అడ్మిన్ పాస్‌వర్డ్ ఇవ్వడం మానుకోవాలి. ఎవరి లాగిన్ వాళ్లది. చివరి పనిదినం సాయంత్రానికి అది మూతపడాలి, ఆ బాధ్యత ఏజెన్సీకి కాకుండా సొంత ఉద్యోగికి అప్పగించాలి. డెవలపర్ల టెస్ట్ సర్వర్‌లో అసలు వినియోగదారుల పేర్లు, ఫోన్ నంబర్లు ఉండకూడదు. అరగంటకోసారి వాడకం చూస్తే ఆ ఇంట్లో మనుషులు ఎప్పుడు లేరో తెలిసిపోతుంది మరి. ఇక సబ్‌స్టేషన్లను నడిపే స్కాడా నెట్‌వర్క్ వైపు బిల్లింగ్ ఇంజనీర్‌కు దారే ఉండకూడదు.

చట్టం కూడా బయటివాళ్లు చేశారంటే ఒప్పుకోదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం పని ఎవరికి అప్పగించినా బాధ్యత డేటా తీసుకున్న సంస్థదే. భద్రతా చర్యల్లో లోపానికి జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. సైబర్ దాడి జరిగితే తెలిసిన 6 గంటల్లో సెర్ట్-ఇన్‌కు చెప్పాలి, సిస్టమ్ లాగ్‌లు 180 రోజులు దాచాలి. 2022 ఏప్రిల్ ఆదేశాలివి. నాలుగో మెట్టులో ఉన్న ఇంజనీర్ రాత్రి రెండు గంటలకు తేడా గమనిస్తే ఎవరికి ఫోన్ చేయాలి? ఆ నంబర్ అతని దగ్గర లేకపోతే 6 గంటలు ఊరికే కరిగిపోతాయి.

కాంట్రాక్టులో ఏముండాలి?

నెలకు ఒక మనిషికి ఇంత అనే పద్ధతి తేలిక. కానీ పని ఆలస్యమైనా మీటర్ తిరుగుతూనే ఉంటుంది. మొత్తం ప్రాజెక్టుకు ఇంత అంటే టారిఫ్ ఆర్డర్ మారిన ప్రతిసారీ ఎక్స్‌ట్రా బిల్లు వస్తుంది, మన దగ్గర టారిఫ్ ఆర్డర్ ఏటా వస్తుంది. మొదట కొత్తగా కట్టే పనికి ఫిక్స్‌డ్ రేటు, తర్వాత నిర్వహణకు నెలవారీ చెల్లింపు పెట్టుకోవడం మేలు. నెలవారీ చెల్లింపును మనుషుల హాజరుకు ముడిపెట్టకుండా, గడువులోగా ఎన్ని మీటర్ల రీడింగులు సరిగ్గా బిల్లింగ్‌కు చేరాయన్న దానికి ముడిపెట్టాలి.

కోడ్, టేబుళ్ల డిజైన్, డాక్యుమెంట్లు సంస్థ సొంత రిపాజిటరీలోనే ఉండాలని రాసుకోవాలి. ఇంటర్వ్యూ ఇచ్చిన మనిషే పనికి రావాలి. మారిస్తే ముందే చెప్పి, కొత్తవాళ్లను పాతవాళ్ల పక్కన కొన్ని వారాలు కూర్చోబెట్టాలి, ఆ వారాల ఖర్చు ఏజెన్సీదే. సొంత ఉద్యోగుల్లో డేటాబేస్ తెలిసినవాళ్లు ఒక్కరైనా మొదటి రోజు నుంచి టీమ్‌లో ఉండాలి. ఈ ఒక్క జీతం మిగుల్చుకుందామని చూసేవాళ్లే ఎక్కువ, తర్వాత ఏజెన్సీ ఎంత అడిగితే అంత ఇచ్చేదీ వాళ్లే.

చివరి బిల్లు పాస్ చేసే ముందు ఓ పరీక్ష పెట్టుకోవచ్చు. ఖాళీ సర్వర్ ఒకటి తీసుకుని, ఏజెన్సీ వాళ్లను పక్కన నిలబెట్టి, బ్యాకప్ నుంచి డేటాబేస్ మొత్తాన్ని సొంత ఉద్యోగి చేత ఎక్కించాలి. గత నెల బిల్లులను దాని మీద మళ్లీ రన్ చేయించాలి. వచ్చిన యూనిట్లు అప్పటి బిల్లులతో సరిపోలితేనే చెక్కు మీద సంతకం.