పిల్లలకు జర్మన్ నేర్పితే మేలేమిటి? తెలుగును ఎక్కడ ఉంచాలి?

ఐదో తరగతి దాటే వేళకు చాలా బడులు ఇంటికి ఒక కాగితం పంపుతాయి. మూడో భాషగా హిందీయా, సంస్కృతమా, ఫ్రెంచా, జర్మనా, ఏదో ఒకదానికి టిక్కు పెట్టమంటాయి. బెంగళూరు, పుణె, చెన్నై లాంటి నగరాల్లోని ప్రైవేటు బడుల జాబితాల్లో జర్మన్ కనిపించినంతగా తెలుగు కనిపించదు. తరతరాలుగా ఇతర రాష్ట్రాల్లో స్థిరపడిన మన కుటుంబాలకు ఈ ఎంపిక మరింత చిక్కైనది. జర్మన్ వల్ల కలిగే మేలు, దాన్ని నేర్పే పద్ధతి, తెలుగుకు నష్టం రాకుండా చూసుకునే దారి, ఈ మూడింటినీ ఇక్కడ ఒకచోట చేర్చాం.

మనకు కొత్త భాషేమీ కాదు

జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్, లీష్టెన్‌స్టైన్, లక్సెంబర్గ్, బెల్జియం దేశాల్లో జర్మన్‌కు అధికార భాష హోదా ఉంది. ఐరోపా సమాఖ్యలో మాతృభాషగా ఎక్కువమంది మాట్లాడేది కూడా ఇదే.

తెలుగువారికి ఈ భాషతో సంబంధం మూడు వందల ఏళ్ల నాటిది. 18వ శతాబ్దంలో మద్రాసులో పనిచేసిన బెంజమిన్ షుల్ట్‌జ్ అనే జర్మన్ మిషనరీ తెలుగు నేర్చుకున్నారు. ఆయన తెలుగు పుస్తకాలు 1740ల్లో జర్మనీలోని హాలే నగరంలో అచ్చయ్యాయి. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాలుగా వాటినే చెబుతారు.

మన వాళ్లు ఉన్న ఊళ్లలోనూ జర్మనీ జాడలు ఉన్నాయి. ఒడిశాలోని రూర్కెలా ఉక్కు కర్మాగారాన్ని పశ్చిమ జర్మనీ సంస్థల సహకారంతో కట్టారు. 1959లో మొదలైన మద్రాసు ఐఐటీకి తోడ్పడింది కూడా పశ్చిమ జర్మనీయే. నేడు బెంగళూరులో బాష్, ఎస్‌ఏపీ, పుణె దగ్గర చాకణ్‌లో ఫోక్స్‌వ్యాగన్, మెర్సిడెస్ బెంజ్, చెన్నై దగ్గర బీఎండబ్ల్యూ నడుస్తున్నాయి.

మన పిల్లలకు కలిసివచ్చే అంశాలు

జర్మన్ కష్టమైన భాష అన్న పేరు చాలావరకు ఇంగ్లిషు వాళ్లు పెట్టింది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో మరాఠీయో ఒడియానో మాట్లాడే పిల్లలకు అందులో చాలా విషయాలు ముందే తెలుసు.

మనం "నాకు చలిగా ఉంది" అంటాం. ఇంగ్లిషులో "నేను" అని మొదలుపెట్టాలి. జర్మన్‌లో "మీర్ ఇస్ట్ కాల్ట్" అంటారు. "మీర్" అంటే "నాకు" అనే అర్థం. "నాకు నచ్చింది" అనడానికీ వాళ్లు ఇదే పద్ధతి వాడతారు. విభక్తులు చదివిన తెలుగు పిల్లలకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు.

మనకు నువ్వు, మీరు ఉన్నట్టే వాళ్లకు "డు", "జీ" ఉన్నాయి. "ఎందుకంటే" అని మొదలయ్యే ఉపవాక్యంలో క్రియ మన వాక్యంలో లాగే చివరికి వెళ్తుంది. రెండు మాటలు కలిపి కొత్త మాట చేయడం మన సమాసాల్లాగే ఉంటుంది. "హాంట్" అంటే చెయ్యి, "షూ" అంటే చెప్పు. రెండూ కలిస్తే "హాంట్‌షూ", అంటే చేతి తొడుగు.

ప్రాణం లేని వస్తువులకూ మూడు లింగాలు ఉండటం జర్మన్‌లో పెద్ద చిక్కు. బల్ల పుంలింగం, దీపం స్త్రీలింగం, పుస్తకం నపుంసకలింగం. తెలుగు ఒక్కటే తెలిసినవారికి ఇది వింతగా ఉంటుంది. షోలాపూర్, పుణెల్లో మరాఠీ మాట్లాడే మన పిల్లలకు మాత్రం ఇది అలవాటైన సంగతే. జర్మన్‌లో ఇరవై ఒకటిని "ఒకటీ ఇరవై" అన్నట్టు, ఒకట్లు ముందు పెట్టి చెబుతారు. మరాఠీలో, ఒడియాలో ఇరవై ఒకటి చెప్పే వరుసా అదే.

రాసినట్టే పలకడం జర్మన్‌లో ఇంగ్లిషు కంటే చాలా ఎక్కువ. కొన్ని అచ్చులకు మాత్రం తెలుగులో సరిపోయే ధ్వని లేదు. వాటిని చిన్న వయసులో విని పట్టుకోవడం తేలిక.

చదువుకు, ఉద్యోగానికి

జర్మనీలోని విదేశీ విద్యార్థుల్లో ఇప్పుడు భారతీయులే ఎక్కువ. 2023-24లో వారి సంఖ్య సుమారు 49 వేలు. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావాటిలో ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం ఐరోపా సమాఖ్య బయటి విద్యార్థులు సెమిస్టరుకు 1,500 యూరోలు కట్టాలి. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం కూడా ఫీజు పెట్టింది.

ఫీజు లేదంటే ఖర్చు లేదని కాదు. వీసా కోసం ఏడాది జీవన వ్యయాన్ని ముందే ఖాతాలో చూపాలి. 2024 సెప్టెంబరు నుంచి అది 11,904 యూరోలు. పైగా మన పన్నెండో తరగతి ఒక్కటే సాధారణంగా నేరుగా ప్రవేశానికి చాలదు. ఏడాది సన్నాహక కోర్సో, ఇక్కడి కాలేజీలో కొంత చదువో అవసరమవుతుంది.

పీజీ కోర్సులు ఇంగ్లిషులో చాలానే ఉన్నాయి. డిగ్రీ కోర్సులు మాత్రం ఎక్కువగా జర్మన్‌లోనే నడుస్తాయి. నర్సుగా పనిచేయాలంటే జర్మన్ తప్పనిసరి, సాధారణంగా బీ2 స్థాయి అడుగుతారు. పని నేర్చుకుంటూ భత్యం పొందే వృత్తి శిక్షణకూ భాష కావాలి. భారతీయ నిపుణులకు ఏటా ఇచ్చే వీసాలను 20 వేల నుంచి 90 వేలకు పెంచుతామని జర్మనీ 2024లో ప్రకటించింది. ఇంగ్లిషుతో కొలువు దొరికినవారికి కూడా ఊళ్లో ఇల్లు, ఆస్పత్రి, ఆఫీసు పనులు జర్మన్‌లోనే జరుగుతాయి.

మూడో భాష గడిలో ఏది?

అసలు ప్రశ్న ఇక్కడే ఉంది. మన పిల్లలకు ఇంగ్లిషు ఎలాగూ ఉంటుంది. తమిళనాడులో 2006 చట్టం, కర్ణాటకలో 2015 చట్టం, మహారాష్ట్రలో 2020 చట్టం ఆయా రాష్ట్ర భాషలను బడుల్లో తప్పనిసరి చేశాయి. అది సబబే, ఉన్న ఊరి భాష రాకుండా బతకలేం. ఇక మిగిలేది ఒక్క గడి. బడిలో తెలుగు చెప్పే వీలుంటే ఆ గడి తెలుగుది. అందులో జర్మన్ పెడితే తెలుగు చదవడం, రాయడం ఆ ఇంట్లో ఆ తరంతో ఆగిపోతుంది. మాట్లాడటం ఇంకొన్నాళ్లు సాగవచ్చు.

జర్మన్‌ను ఇరవై ఏళ్ల వయసులోనూ నేర్చుకోవచ్చు, ఎందరో నేర్చుకుంటున్నారు. పదేళ్లలో రాని తెలుగు అక్షరాలను ఇరవై ఏళ్లకు కూర్చుని దిద్దేవారు తక్కువ.

మరో సంగతి. 2011 తర్వాత కేంద్రీయ విద్యాలయాల్లో 6 నుంచి 8 తరగతులకు జర్మన్‌ను మూడో భాషగా తీసుకునే వీలు ఉండేది. 2014 నవంబరులో, విద్యా సంవత్సరం మధ్యలో, దాన్ని తీసేసి సంస్కృతం పెట్టారు. సుమారు 70 వేల మంది పిల్లలు ఇబ్బంది పడ్డారు, వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ తర్వాత జర్మన్‌ను అదనపు ఐచ్ఛిక భాషగా ఉంచారు. మన ఇళ్లకూ సరిపోయే స్థానం అదే.

ఎలా మొదలుపెట్టాలి

• ముందుగా తెలుగు చదవడం, రాయడం గట్టిపడనివ్వండి. బడిలో లేకపోతే ఇంట్లోనో సంఘం తరగతుల్లోనో నేర్పండి.

• పది, పన్నెండేళ్లకు జర్మన్ మొదలుపెట్టవచ్చు. గోథే సంస్థ మన దేశంలో మాక్స్‌ముల్లర్ భవన్ పేరుతో చెన్నై, బెంగళూరు, ముంబై, పుణెల్లో కేంద్రాలు నడుపుతోంది. హైదరాబాదులో గోథే సెంట్రుమ్ ఉంది. ఊరు దూరమైతే ఆన్‌లైన్ తరగతులు ఉన్నాయా అని అడగండి.

• స్థాయిలు ఏ1, ఏ2, బీ1, బీ2, సీ1, సీ2. తొలి రెండు స్థాయిల్లో పిల్లల కోసం "ఫిట్ ఇన్ డోయిచ్" అనే పరీక్షలు వేరుగా ఉన్నాయి.

• వారానికి రెండు పీరియడ్లతో మూడేళ్లు చదివితే మామూలుగా ఏ1, ఏ2 దగ్గరే ఉంటారు. డిగ్రీ ప్రవేశానికి సాధారణంగా సీ1 అడుగుతారు. బడి జర్మన్‌తోనే విదేశీ సీటు వస్తుందని లెక్క వేసుకోకండి.

• పిల్లలకు ఇష్టం లేకపోతే బలవంతం వద్దు. 1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉన్న యానాంలో ఇంట్లో ఎవరికైనా ఫ్రెంచి వస్తే, పిల్లలకు దాన్ని నేర్పడమే తేలిక.

ఆ కాగితంపై టిక్కు పెట్టే ముందు తెలుగు చెప్పే వీలుందా అని బడిని అడగండి. పదిమంది తల్లిదండ్రులు కలిసి రాతపూర్వకంగా అడిగితే ఇంకా మంచిది. జర్మన్ తరగతి బడి బయట శనివారం కూడా దొరుకుతుంది. తెలుగు తరగతిని మనం అడక్కపోతే మన తరఫున అడిగేవారు లేరు.