నెల్లూరు మెట్టసీమలో రూపాయి పొదుపు

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములు వానను నమ్ముకొనిన మెట్టసీమ. పగలు సంపాదించిన కూలి డబ్బు పొద్దుగూకునప్పటికి సారా అంగడి చేరుట ఇచ్చట చిరకాలము సాగినది. 1991లో జిల్లాయందు అక్షరాస్యతోద్యమము ఆరంభమాయెను. రాత్రిబడిలో పలక పట్టిన స్త్రీలకు వాచకములోని సీతమ్మ కథ తమ యింటి కథగనే తోచినది. 1992లో దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిరి. వారిలో రోశమ్మ పేరు దేశమంతట వినబడెను. 1993 ఏప్రిలులో జిల్లాయందును, అక్టోబరు 1న రాష్ట్రమంతటను సారా నిషిద్ధమాయెను.

అంగడి మూతబడెను సరే, మిగిలిన డబ్బు మాటేమి? ‘పొదుపు లక్ష్మి’ దానికి జవాబు. దినమునకొక రూపాయి, నెలకు 30, ఏడాదికి 365. సంఘము పేర బ్యాంకులో జమ. వినుటకిది స్వల్పమే. కాని వాన మొగము చాటుచేసిన నెలలో, పనులు లేనప్పుడు, ఆ ముప్పది రూపాయలు తీసియుంచుట సామాన్యము కాదు. పొయ్యి వెలిగించు చేతికే ఆ కష్టము తెలియును. బిడ్డ జ్వరమునకో, విత్తనములకో వడ్డీవ్యాపారి గడప తొక్కక, తమ సంఘమునందే అప్పు పుట్టుట దానికి దక్కిన ఫలము. నెలనెల లెక్క చూచుకొనుటకు రాత్రిబడి చదువు అక్కరకు వచ్చినది.

1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలిపోయెను. పొదుపు సంఘములు మాత్రము ఆగలేదు.