బేస్‌బాల్ చిట్టా

పన్నెండు హిట్లు కొట్టిన జట్టు ఓడింది, ఒకే ఒక్కటి కొట్టిన జట్టు గెలిచింది. 1959 మే 26న మిల్వాకీ కౌంటీ స్టేడియంలో జరిగిన ఆట లెక్క ఇది. పిట్స్‌బర్గ్ పైరేట్స్: పరుగులు 0, హిట్లు 12, ఎర్రర్లు 1. మిల్వాకీ బ్రేవ్స్: పరుగులు 1, హిట్లు 1, ఎర్రర్లు 0. ఇలాంటి లెక్కలను ఆటగాళ్ల వారీగా కూడా చూపే పట్టికను అమెరికాలో బాక్స్ స్కోరు అంటారు. ఆట చూడనివాడికి కూడా ఆట కథంతా చెప్పగల పట్టిక అది.

దీని పుట్టిల్లు క్రికెట్. హెన్రీ చాడ్విక్ 1824లో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్‌లో పుట్టి, చిన్నతనంలోనే బ్రూక్లిన్ చేరాడు. పత్రికలకు క్రికెట్ వార్తలు రాస్తూ 1856లో బేస్‌బాల్ మీద మనసు పారేసుకున్నాడు. ఆటగాళ్ల పేర్లు, పరుగులు, ఔట్లతో చిన్న పట్టికలు 1845 నుంచే న్యూయార్క్ పత్రికల్లో వచ్చేవి. ఆయనకు అవి చాలలేదు. 1859 నాటికి ఫీల్డింగ్ లెక్క కూడా చేర్చి పట్టికను పెంచాడు. స్ట్రైకౌట్‌కు నేటికీ వాడే ‘కె’ గుర్తు ఆయన పెట్టిందే. ‘ఎస్’ను శాక్రిఫైస్‌కు ఇచ్చేయడంతో ‘స్ట్రక్’లోని చివరి అక్షరం పట్టుకున్నాడు.

క్యాచ్ జారవిడిచినవాడి పేరు మన క్రికెట్ స్కోరుకార్డులో ఎక్కడా కనిపించదు. బేస్‌బాల్ అంత దయ చూపదు, ఎర్రర్ అని పేరు ఎదుటే వేస్తుంది. బ్యాటర్ బేస్ చేరింది తన దెబ్బతోనా (హిట్), ఫీల్డర్ తడబాటుతోనా (ఎర్రర్) అని తేల్చేది అంపైర్ కాదు, అధికారిక స్కోరర్. 1959 నాటికి ఆ పని చేసేవాడు ప్రెస్ బాక్సులో కూర్చున్న పత్రికా విలేకరే. ఒక విలేకరి చేతికి ఇంత అధికారం ఇచ్చిన ఆట మరొకటి ఉందా అని నాకు అనుమానం.

ఇక మిల్వాకీలో ఆ రాత్రి సంగతి. పిట్స్‌బర్గ్ పిచర్ హార్వీ హాడిక్స్ ఫ్లూతోనే మైదానంలోకి దిగాడు. పన్నెండు ఇన్నింగ్స్‌లో వచ్చిన 36 మంది బ్యాటర్లనూ వచ్చినవాళ్లను వచ్చినట్టే వెనక్కి పంపాడు. అంతవరకు ఎవరూ చేయని పని అది. కానీ తన జట్టు కూడా ఒక్క పరుగు తీయలేకపోయింది. బ్రేవ్స్ పిచర్ లూ బర్డెట్ హిట్లు ఇస్తూనే పరుగులు ఆపాడు. పదమూడో ఇన్నింగ్స్‌లో ఫెలిక్స్ మాంటియా కొట్టిన బంతిని అందుకున్న డాన్ హోక్ ఫస్ట్ బేస్‌కు సరిగా విసరలేదు. స్కోరర్ ఎర్రర్ అన్నాడు. హిట్ అని ఉంటే హాడిక్స్ నో-హిట్టర్ (ఒక్క హిట్ కూడా ఇవ్వని ఆట) అక్కడే పోయేది. ఎడ్డీ మాథ్యూస్ బంట్ చేసి తాను ఔటై, మాంటియాను సెకండ్ బేస్‌కు పంపాడు. హ్యాంక్ ఆరన్‌కు కావాలనే వాక్ ఇచ్చి ఫస్ట్ బేస్‌కు పంపారు. తర్వాత జో ఆడ్‌కాక్ బంతిని కంచె దాటించాడు.

మూడు పరుగులు రావాలి. కానీ బంతి కంచె లోపలే పడిందనుకున్న ఆరన్, మాంటియా హోం చేరడంతో ఆట అయిపోయిందని దారి వదిలి నడిచాడు. వెనక నుంచి వచ్చిన ఆడ్‌కాక్ అతన్ని దాటేశాడు, నిబంధన ప్రకారం ఔటయ్యాడు. ఆ రాత్రి 2-0 అన్నారు. మర్నాడు లీగ్ అధ్యక్షుడు వారెన్ జైల్స్ 1-0 అని తేల్చాడు. హోం రన్ కాస్తా డబుల్ (రెండు బేస్‌ల హిట్) అయింది.

చిట్టాలో జమా ఖర్చూ సరిపోవాలన్నట్టు, బాక్స్ స్కోరు కూడా సరితూగాలి. బ్యాటింగ్‌కు వచ్చినవాళ్ల సంఖ్య, పరుగులు, ఔట్లు, బేస్‌లపై మిగిలిపోయినవాళ్లు కలిపితే వచ్చే మొత్తానికి సమానం కావాలి. బ్రేవ్స్ నుంచి వచ్చినవాళ్లు 40. మాంటియా పరుగు 1. మొదటి 36 ఔట్లకు మాథ్యూస్, ఆడ్‌కాక్ కలిపి 38. మిగిలింది 1, అది ఆరన్. అంత గందరగోళంలోనూ లెక్క తప్పలేదు. హాడిక్స్ పేరు ఎదుట 12 2/3 ఇన్నింగ్స్, 1 హిట్, 1 పరుగు, 8 స్ట్రైకౌట్లు. తనకు అంటగట్టిన పరుగులు మాత్రం సున్నా, ఎందుకంటే ఆ ఒక్కటీ హోక్ ఎర్రర్ వల్ల వచ్చింది. అయినా ఓటమి అతని ఖాతాలోనే పడింది. ఇది నాకు ఎప్పుడూ అన్యాయంగానే తోస్తుంది.

పట్టికకు ఎక్కనివీ ఉన్నాయి. బ్రేవ్స్ ఆటగాళ్లు బుల్‌పెన్ (పిచర్లు సిద్ధమయ్యే చోటు) నుంచి బైనాక్యులర్లతో క్యాచర్ సైగలు దొంగిలించారని చాలా ఏళ్లకు వాళ్లలో ఒకరే చెప్పారు. ఏ బంతి వస్తుందో తెలిసి కూడా పన్నెండు ఇన్నింగ్స్ కొట్టలేకపోయారన్నమాట! ఏ బంతి తర్వాత ఏది జరిగిందన్న వరస కూడా బాక్స్ స్కోరులో ఉండదు. పాత స్కోరు పుస్తకాలను వెతికి ఆ వరసను నిలబెట్టే పనికే 1989లో డేవిడ్ స్మిత్ రెట్రోషీట్ సంస్థను మొదలుపెట్టాడు.

1991లో మేజర్ లీగ్ కమిటీ నో-హిట్టర్‌కు నిర్వచనం బిగించింది: ఆట ముగిసేదాకా హిట్ రాకూడదు. దాంతో హాడిక్స్ ఆట ఆ జాబితా నుంచి, పర్ఫెక్ట్ గేముల (ఒక్క బ్యాటర్‌నూ బేస్ చేరనివ్వని ఆటల) జాబితా నుంచి కూడా పోయింది. బాక్స్ స్కోరులో మాత్రం ఒక్క అంకె కూడా మారలేదు.