వెలుగు గీసిన అడవి, చేయి మలచిన ఉక్కు

ఈ దినమున నేను ప్రస్తావింపదలచిన విషయము రెండు కళలకు సంబంధించినది. ఒకటి ఛాయాచిత్రము, మఱియొకటి గాజుతోను, ఉక్కుతోను మలచిన శిల్పము. అడవుల ఛాయాచిత్రములను, ఇట్టి శిల్పములను ఒకే శాలలో ప్రక్కప్రక్కన నిలిపి చూపుట నేటి ప్రదర్శనములలో నొక పద్ధతి. ఇది నగరవాసుల వేడుకయని పెద్దలకు తోచవచ్చును. కాని తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల చరిత్రను పరికించినచో, ఆ ప్రదర్శనమునకు వలయు సామగ్రి యంతయు మన వాకిటనే కలదని తేటపడును.

మొదట గాజు మాట. తెనాలినుండి రేపల్లెకు పోవు రైలుదారిలో భట్టిప్రోలు కలదు. అచటి బౌద్ధస్తూపమును 1892లో అలెగ్జాండర్ రీ యను పురావస్తు శాఖాధికారి త్రవ్వించెను. లోపల రాతి కరండములును, వానిలో స్ఫటికపు భరిణెలును, బంగారు పువ్వులును, పూసలును బయల్పడెను. రాతి కరండములపై బ్రాహ్మీలిపిలో శాసనము లున్నవి. వానిలో కుబేరకుడను రాజు పేరు కానవచ్చును. ఆ లిపి క్రీస్తునకు పూర్వము మూడవ లేక రెండవ శతాబ్దమునాటిదని పండితులు నిర్ణయించిరి. స్ఫటికము గాజు కాదు. గాజును మనుష్యుడు ఇసుకను కరగించి చేయును. స్ఫటికము భూమిలో తానై పుట్టును. అయినను, వెలుగు తనలోనుండి సాగిపోవునట్టి కఠిన పదార్థమును ఓపికతో తొలిచి, అరగదీసి, పాత్రగా మలచిన చేతి నేర్పు నేటి గాజుశిల్పి నేర్పునకు పూర్వరూపమే. పైగా ఆ పనివాడు దానిని ఎవరి కన్నులకొఱకును చేయలేదు. రాతిలో మూసి, ఇటుకల క్రింద కప్పుటకే చేసెను. కనబడని చోటను పని చక్కగా నుండవలెనను ఆ నిష్ఠ మనము మఱువరానిది.

ఇక ఉక్కు. తెలుగు దేశమున, నిజామాబాదు సీమలోని కోనసముద్రమున, మూసలలో ఇనుమును కరగించి మేలైన ఉక్కు చేయుచుండిరి. దానిని కొనుటకై పారసీక వర్తకులు వచ్చెడివారు. ఆ కొలుములు చల్లారినవి. కాని లోహముతో పనిచేయు చేతులు మన సీమలో చల్లారలేదు. తెనాలిలోని సూర్య శిల్పశాలలో కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర, యంత్రములనుండి తీసివేసిన నట్లు, బోల్టులు, గొలుసులు, పళ్ళచక్రములు మొదలగువానిని అతికి నిలువెత్తు విగ్రహములు చేయుచున్నారు. సుమారు 75,000 నట్లతో వారు కూర్చిన 10 అడుగుల గాంధీ విగ్రహము 2021లో పలువురి ప్రశంస లందెను. తూకమునకు అమ్మివేయు ఇనుమునకు మూర్తి యేర్పడుట చిన్న సంగతి కాదు. త్రుప్పు పట్టి మట్టిలో కలియవలసినది మనుష్యుని ముఖమై నిలిచినది.

మూడవది ఛాయాచిత్రము. ఇదియు గాజునకు, లోహమునకు ఋణపడిన కళయే. కెమెరా కన్ను గాజు. దాని కీళ్లు లోహము. మన సీమ కళాచరిత్రలో దీని ఉపకారమునకు మొదటి గొప్ప సాక్ష్యము 1858నాటిది. అమరావతి స్తూపమునుండి వాల్టర్ ఎలియట్ 1845లో త్రవ్వించి మదరాసునకు చేర్చిన శిల్పములను, చెన్నపురి ప్రభుత్వ ఛాయాగ్రాహకుడైన కెప్టెను లిన్నేయస్ ట్రైప్ ఆ యేట చిత్రములు తీసెను. మఱుసటి సంవత్సరమే ఆ రాళ్లలో పెక్కు ఓడలెక్కి లండనునకు పోయెను. రాయి తరలిపోయినను, దాని నాటి రూపమునకు చిత్రము సాక్షియై నిలిచెను.

అట్టి సాక్ష్యమే నేడు మన అడవికి కావలసియున్నది. నిజాంపట్నమునుండి కృష్ణ ముఖద్వారము వఱకు సముద్రపుటంచున మడ అడవులు కలవు. బురదలోనుండి మేకులవలె పైకి లేచిన వేళ్లతో ఊపిరి తీసికొను మడచెట్లు, గాటు పడినచో పాలు కార్చు తిల్లచెట్లు అచట పెరుగును. ఇందు సుమారు 195 చదరపు కిలోమీటర్ల ప్రదేశమును 1989లో కృష్ణా వన్యప్రాణి సంరక్షణ కేంద్రముగా ప్రకటించిరి. రాత్రివేళ చేపలు పట్టి తిను బావురుపిల్లి అచటి ముఖ్యజంతువు. దాని నెదురుగా చూచినవా రరుదు. చెట్టునకు కట్టిన కెమెరా, జంతువు ముందునుండి నడచినంతనే, తనంత తానుగా చిత్రము తీయును. ఇటీవలి సంవత్సరములలో ఆ పిల్లి ఉనికిని నిరూపించినవి ఇట్టి చిత్రములే.

ఈ రెండు కళలను ప్రక్కప్రక్కన నేల నిలుపవలెను? ఛాయాచిత్రము “ఇది కలదు” అని చెప్పును. దానికి మనము చేర్చిన దేమియు లేదు. శిల్పము “ఇది నాచేత అయినది” అని చెప్పును. మనుష్యుడు చేయజాలినదానిని, చేయజాలనిదానిని ఒక్క చూపులో చూచినవానికి వివేకము కలుగును. విరిగిన ఇనుమును మరల విగ్రహము చేయవచ్చును. నరికిన మడఅడవిని ఏ కొలిమిలోను పోతపోయలేము. 1977 నవంబరు 19వ తేదీనాటి ఉప్పెనను ఎరిగిన పెద్దలు దీని విలువను నాకంటె బాగుగ గ్రహింతురు; సముద్రపు కెరటమునకు అడ్డుపడి దాని వేగమును తగ్గించు స్వభావము ఆ చెట్లకు కలదు.

భట్టిప్రోలు స్తూపము పండితుల చేతికి రాకమునుపే, దాని ఇటుకలను, రాళ్లను దారులకు, కాలువపనులకు తరలించిరి. అది చరిత్ర యని తెలియమిచేతనే అట్లు జరిగెను. ఇపుడు తెలియమి యను సాకు మనకు లేదు. కావున గ్రామపెద్దలకు నా విన్నపము ఒక్కటే. మీ ఊరి దిబ్బను చదును చేయుటకు ముందు, మీ రేవుచెంతనున్న మడచెట్టును కొట్టుటకు ముందు, తెలిసినవారిని పిలిపించి చూపుడు. మీ ఇండ్లలోని పాత ఛాయాచిత్రములను చెమ్మ తగులనీయక దాచి, వెనుకవైపున ఊరిపేరు, సంవత్సరము వ్రాసి యుంచుడు. పిల్లలను ఒకదినము తెనాలి శిల్పశాలకును, మఱియొకదినము నిజాంపట్నము తీరమునకును తీసికొనిపొండు. అంతకు మించిన ప్రదర్శనశాల వారికి వేరొకటి యక్కఱలేదు. సెలవు.