గానుగ సున్నము, ఇటుకపొడి, ఊకబూడిద

ధవళేశ్వరమువద్ద గోదావరి ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసినది. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములు చేరి రెండు మైళ్లకు పైబడిన కట్టడము; దాని పునాదికి దొరికినది ఏటి ఇసుకయే. కాటను దొరగారిని మనవారు నేటికిని తలంతురు. రాళ్లను పట్టియుంచు సున్నమును తలంచువారు తక్కువ. పోర్టులాండు సిమెంటుకు ఇంగ్లాండులో 1824లోనే పేటెంటు లభించినను, పోరుబందరు కర్మాగారమునుండి అది వెలువడుట 1914లో గదా! అంతవరకు మనదేశపు నీటికట్టడములకు ఎక్కువగా సున్నమే దిక్కు.

వట్టి సున్నమునకొక లోపము కలదు. అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి మెల్లగా గట్టిపడును. నీటి అడుగున గాలి యెక్కడిది? ఇసుక కలిపినచో బీటలు తగ్గునేగాని ఈ లోపము తీరదు. ఇసుకయు సిలికాయే, కాని స్ఫటికముగా బిగిసిన సిలికా. సున్నము దానిని అంటుకొనియుండును, అంతే. తగుమాత్రపు వేడిని కాలిన బంకమన్ను అట్టిది కాదు. అందలి సిలికా బిగువు సడలి, సున్నముతోను నీటితోను కూడి, నీట కరగని కొత్త పదార్థమగును. అందుచేతనే ఇటుకలు దంచి జల్లించిన పొడిని సున్నముతో చేర్చి గానుగలో నూరిరి. దీనికే సుర్కీ యని పేరు. రోమకులు అగ్నిపర్వతపు బూడిదతో సాధించినదియు ఇదియే. 1895లో ముగిసిన ముల్లపెరియారు ఆనకట్టలోను, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి కృష్ణరాజసాగరములోను సుర్కీ సున్నమే పనిచేసినది. మాడి గాజుబారిన ఇటుకపొడికి మాత్రము ఆ గుణము తగ్గిపోవును.

మన డెల్టాలో ఇటుకపొడికి సాటివచ్చునది మరొకటి కలదు. ధాన్యములో సుమారు అయిదవవంతు ఊక. ఊకను కాల్చగా మరల అయిదవవంతు బూడిద. అనగా నూరు బస్తాల ధాన్యమునకు నాలుగు బస్తాల తూకము. అందు నూటికి 85 మొదలు 95 పాళ్లు సిలికాయే. వరిమొక్క వేళ్లతో నేలనుండి పీల్చినది. సుమారు 700 డిగ్రీల సెంటిగ్రేడు మించకుండ కాల్చి మెత్తగా నూరినచో ఇది సుర్కీకంటెను చురుకైనది. మంట మీరెనా, స్ఫటికమై ఇసుకతో సమానమగును. పైపెచ్చు ఆ ధూళి ఊపిరితిత్తులకు కీడు. మిల్లు బాయిలరులో మంట ఒక్కతీరున నుండదు గనుక, ఒక గుట్టలోని గుణము వేరొక గుట్టలో నుండునని నమ్మరాదు.

సిమెంటు గట్టిపడునపుడును కొంత సున్నము విడుదలయగును. విద్యుత్కేంద్రముల బొగ్గుబూడిదయు, ఫెర్రోసిలికాను కొలుముల పొగనుండి పట్టిన అతిసూక్ష్మమైన సిలికా ధూళియు సిమెంటులో చేరి ఆ సున్నమునే పట్టుకొనును. రెండవది సిమెంటు రేణువుకంటె సుమారు నూరు రెట్లు సన్నము, వెలయు హెచ్చు. పల్లెటూరి గోడకు దానితో పనిలేదు.

పాత గుడి ప్రాకారమునకో, మండువా యింటికో మరమ్మతు తలపెట్టు పెద్దలు సున్నపు గోడపై సిమెంటు పూయింపకుందురుగాక. అది చెమ్మను లోపలనే బంధించి పాత ఇటుకను పొడిచేయును. ఊకబూడిద వాడదలచినచో, ముందుగా సున్నముతో కలిపి ఉండలు చేసి, తడిగోనె కప్పి కొన్నాళ్లుంచి, పిదప నీటిలో వేసి చూడవలెను. విచ్చిపోయిన ఉండ యే గుట్టదో, ఆ గుట్టను పనికి తీసికొనరాదు.