మక్కా మసీదు ఏకశిల – యంత్రసాధనములు

1694లో పూర్తియైన హైదరాబాదు మక్కా మసీదును నిర్మాణదశలో చూచిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, అందలి ప్రార్థనాస్థానపు ఏకశిలను గూర్చి వ్రాసెను. దానిని గనినుండి వేరుచేయుటకు ఐదారువందలమంది అయిదేండ్లు శ్రమించిరట. లాగుటకు 1,400 ఎద్దులు కావలసివచ్చెనట. మనవారు తరచుగా ఉదాహరించునది ఈ ఎద్దుల సంఖ్యనే. కాని శిలను వాహనముపైకి దొర్లించుటకు గనిపనికంటెను అధికకాలము పట్టెనని ఆతడే చెప్పినాడు. ఎద్దులు ఈడ్చును గాని ఎత్తవు. ఆ పని మీటలతోను, ఏటవాలు కట్టలతోను జరిగియుండవలెను.

పిరమిడ్ల విషయమునను కేవల జనబలమను మాటయే వినబడుచుండును. అయితే ఈజిప్టునందలి హత్నూబు గనిలో, కూఫూ కాలమునాటి మిక్కిలి వాలుగల దారి యొకటి బయల్పడినట్లు 2018లో ప్రకటింపబడినది. దాని కిరువైపుల మెట్లును, గుంజలు నాటిన గుంతలును గలవు. మోకులను ఆ గుంజలకు చుట్టి రాళ్లను పైకి లాగిరని త్రవ్వినవారి ఊహ. మన గుట్టలలోని పాత గనులయందును ఇట్టి గుంతలను వెదకవలసియున్నది.